ముట్టని కాఫీ

నన్ను తన కొడుక్కి అడగడానికొచ్చిన ఖల్ఫాన్ పెదనాన్న, కాఫీ ముట్టకుండా కింద పెట్టాడు. మా నిజ్వా అరబ్బుల్లో పిల్లని చేసుకునే మొదటి హక్కు పెదనాన్న కొడుకుదే. కాఫీ అలా పెడితే, కోరింది ఇస్తామనేదాకా తాగనని అర్థం.

తెర వెనక నిలబడి వింటున్నాను. మొన్నే నాకూ షుగరు బయటపడింది. అమ్మ ఎవరికీ చెప్పొద్దంది.

"అడుగన్నయ్యా, పిల్ల నీదే కదా!" చూపు లేని కళ్లతో నాన్న నవ్వాడు.

పెదనాన్న తన పెట్టుడు కాలు మీద చెయ్యేసుకున్నాడు.

"నా కాలూ నీ కళ్లూ తీసింది ఒకే షుగరు రా. ఇద్దరి రక్తం కలిపి మనవడికి అంటగడదామా? నేను అడక్కపోతే పిల్లలో ఏదో వంక ఉందంటారు. అందుకే వచ్చాను. నువ్వు ఇవ్వననాలి. నేను కోరేది అదే."

 నాన్న నేల తడుముతూ ఆ కప్పు వెతికి అన్న చేతికందించాడు.

"ఇవ్వనన్నయ్యా. తాగు."