జపాను ముగ్గు

అనాథ పిల్లల యతీంఖానాకని ఎవరో జపాను పుస్తకాలు దానమిచ్చిండ్రు. గళ్ల మీద నల్లరాళ్లు, తెల్లరాళ్లు పెట్టి ఆడే 'గో' ఆట పుస్తకాలవి. మాదన్నపేట అంగడిల అమ్మకానికి పెట్టి నేనెంత మొత్తుకున్నా ఒక్కటీ పోలేదు.

కూరగాయలకొచ్చిన సుగుణమ్మ ఒకటి తెరిచింది. "ఏంది భాయ్, గిన్ని ముగ్గులుంటే ఆట అంటవు?"

గంటల అన్నీ అమ్ముడుపోయినయి.

నెల తిరగకముందే జపానుతోని లడాయి వచ్చింది. శత్రువుల పుస్తకాలు పట్టుకుంటనని పోలీసు అమీన్ విశ్వేశ్వర్ సుగుణమ్మ ఇంటికొచ్చిండు. అమ్మింది నేనే గద, గోడ సాటుకు నిలబడి సూసిన.

పుస్తకాన్ని ఆమె అప్పటికే పొయ్యిల పెట్టింది గని, అండ్లున్న ముగ్గు వాకిట్లనే ఉన్నది. అమీన్ సాబ్ దాన్ని తొక్కకుండ పక్కకెల్లి లోపలికి పోయి, ఇల్లంత వెతికిండు. ఏం దొరకలే.

పోతపోత ముగ్గు దగ్గర ఆగిండు. "మస్తున్నదమ్మా! మా ఇంటామెకు జర నేర్పు."

తెల్లారేసరికి జపాను అమీన్ సాబ్ వాకిట్ల దిగింది.