రాహేలు అత్యాశ

“మీ బిడ్డ కాలు మళ్ల పెరుగుతున్నదమ్మా!” ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టి అన్నాడు డాక్టరు.

రాహేలు ఎక్స్‌రే మీదికి వంగి చూసింది. లాల్‌దర్వాజాలో మెట్ల మీంచి పడి మోకాలి దగ్గర ఎముక విరిగాక, ఆమె కూతురు ఎస్తేరు కుడికాలు రెండేళ్లపాటు పెరగలేదు. ఎదుగుదలకు అడ్డంగా గట్టిపడ్డ ఎముకను డాక్టరు నిరుడు తొలిచేసి, మళ్లీ అతుక్కోకుండా ఆ సందులో పిల్ల పిర్ర కొవ్వునే నింపాడు.

“అమ్మా, నా పిర్ర మోకాల్ల కూసున్నదే!” తొమ్మిదేళ్ల ఎస్తేరు పకపకా నవ్వింది.

“పిల్ల ఎంత పొడుగైతది సారూ?” అడిగింది రాహేలు.

“మీ అంత.”

“అయ్యో, నేను పొట్టిదాన్ని సారూ! ఇంకో రెండంగుళాలు ఎక్కువ రాయుండ్రి!”

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. కళ్లు తుడుచుకుంటూ రాహేలూ నవ్వింది. కుంటు పోతే చాలని ఇన్నాళ్లూ ప్రార్థించిన ఆమె, బిడ్డ కోసం అత్యాశ పడటం అదే మొదటిసారి.