పెన్సిలు గీతలు

“నగలొద్దట, బట్టలొద్దట. తలగడ కింద పుస్తకం ఒకటుందట, అదొక్కటీ పంపమంది అక్క,” అన్నాడు బావమరిది ఫోన్లో.

“తనెప్పుడొస్తుందట?”

“అది మాత్రం నన్నడక్కు బావా. ‘మీ బావకి చెప్పినా అర్థం కాదు’ అని ఊరుకుంది.”

కాంట్రాక్టరుకు ఒళ్లు మండింది. ఊళ్లో సగం మేడలు కట్టించినవాడికి అర్థం కానిది ఏముంటుంది? తలగడ ఎత్తి చూస్తే అట్ట వెలిసిపోయిన కథల పుస్తకం. లోపల అక్కడక్కడా వాక్యాల కింద పెన్సిలు గీతలు. ఓహో, కాపురంలో నిప్పులు పోసింది ఇదన్నమాట అనుకుని చదవడానికి కూర్చున్నాడు.

కథలా అవి, కొరకరాని కొయ్యలు! ఒకడు బావి తవ్వుతుంటాడు. నీళ్లు పడ్డాక కూడా ఆపడు. ఆ కూలి ఎవడిస్తాడని విసుక్కుని పుస్తకం మూసేశాడు. కాలేజీ రోజుల్లో ఏవేవో చదివేవాడే గానీ, కాంట్రాక్టుల్లో పడ్డాక బిల్లులు తప్ప మరోటి చదివిన పాపాన పోలేదు. కాసేపటికి మళ్లీ తెరిచాడు. ఆమె లేని ఇంట్లో అంతకంటే చేసే పనీ లేదు.

కథ అంతుపట్టని చోట గీతలే దారి చూపించాయి. ‘వాదన గెలిచిన ప్రతిసారీ ఇంట్లో ఒక గది ఖాళీ అవుతుంది.’ అక్కడ చాలాసేపు ఆగిపోయాడు. తను ఓడిన వాదన ఒక్కటీ గుర్తు రాలేదు. ‘మాట వినబడితే చాలదు, మనిషి వినబడాలి.’ దీని కింద రెండు గీతలున్నాయి. ఎంత కుమిలిపోయి గీసిందో! పక్కనే పడుకునే మనిషి మనసు ఇంత లోతని తెలుసుకోనందుకు సిగ్గుపడ్డాడు. ఏడ్చాడు కూడా.

వారం తిరిగేసరికి పుస్తకం పట్టుకుని బావమరిది ఇంటికి వెళ్లాడు.

“మొత్తం చదివాను,” అన్నాడు భార్యతో. “గీతలున్నవన్నీ నాకిప్పుడు కంఠతా వచ్చు. ఇలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని ఇన్నేళ్లూ గుడ్డివాడిలా బతికాను. ఈ గీతలు గీసిన మనిషే నాకు కావాలి. పద, ఇంటికి పోదాం.”

ఆమె పుస్తకం అందుకుని అట్ట నిమిరింది.

“నాకూ ఆ మనిషే కావాలండీ.”

“అంటే?”

“గీతలు నావి కావు. పెళ్లికి ముందు ఒకతను గీసి నాకిచ్చాడు. ఇలా ఆలోచించేవాడు దొరికితే జీవితానికి ఇంకేం అక్కర్లేదనుకున్నాను.”

అతని మొహం నల్లబడింది. కంఠతా వచ్చిన వాక్యాలన్నీ ఎటు పోయాయో పోయాయి.

“ఎవడు వాడు?” ఇల్లదిరిపోయేలా అరిచాడు. “ఇన్నేళ్లూ వాడి పుస్తకం తల కింద పెట్టుకుని నా పక్కన పడుకున్నావా? వాడెవడో చెప్పు!”

ఆమెకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు.

“మీరే.”