అప్‌డేట్ విజయవంతం

"నా చేతిని రెండోసారి చంపింది మీరే," అంది పెద్దావిడ, ఎడమ చెయ్యి కౌంటరు మీద పెట్టి. "అడక్కుండా జనం ఇళ్ళల్లో దూరి, ఉన్నదాన్ని చెడగొట్టి, ఇక్కడ ఏసీలో కూర్చుని టోకెన్లు పంచుతున్నారా?"

కౌంటరులో అమ్మాయి టోకెన్ పంచింది. అరవై మూడు.

కంపెనీ సర్వీస్ సెంటరు హాల్లో ఉన్నవాళ్ళందరి ఒళ్ళోనూ గేమ్ కన్సోళ్ళే. అన్నిటిదీ ఒకటే జబ్బు. నిన్న సాయంత్రం కంపెనీ పంపిన అప్‌డేట్ తనంతట తనే ఎక్కింది, "అప్‌డేట్ విజయవంతం" అని పచ్చక్షరాల్లో చూపించింది, ఆ వెంటనే యంత్రం చచ్చింది. చావు కబురు ఇంత సంబరంగా చెప్పిన యంత్రం ఇంకోటి ఉండదు.

పెద్దావిడకి కిందటేడు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. పిసకమని డాక్టరు ఇచ్చిన రబ్బరు బంతిని తిరిగి డాక్టరు మీదికే విసిరింది. అప్పుడు కోడలు ఈ కన్సోల్ తెచ్చింది. అందులో పెద్దావిడ పడవలు నడిపింది, చేపలు పట్టింది, ఎనిమిది నెలల్లో ఒక రేవు కట్టింది. మొదట బొటనవేలు కదిలింది. ఇప్పుడు బొత్తాలు తనే పెట్టుకుంటోంది. చెయ్యి ఎంత తిరిగితే ఆట అంత వేగం పెంచుతుంది. ఆ లెక్కంతా ఆ డబ్బాలోనే ఉంది.

అందుకే పొద్దున్నే కోడల్ని లాక్కొచ్చింది. ఇవాళ తప్పకుండా ఆఫీసుకి వెళ్ళాలత్తయ్యా అన్నా వినకుండా సెలవు పెట్టించింది. ఫోన్ కూడా ఇంట్లోనే వదిలేయించింది, దారిపొడుగునా దాంతోనే కాపరం చేస్తుందని. కోడలిది ఏదో కంప్యూటరు ఉద్యోగమని ఆవిడ అందరికీ గొప్పగా చెబుతుంది. అంతకుమించి అడిగితే మాట మారుస్తుంది, తెలిస్తేగా.

కౌంటరు అమ్మాయి ఒక కాగితం ముందుకు తోసింది. సంతకం పెడితే పది నిమిషాల్లో బాగు చేసి ఇస్తారు. పాతవన్నీ తుడిచేస్తారు.

పెద్దావిడ పెన్ను అందుకుంది.

"సంతకం పెట్టొద్దత్తయ్యా," అంది కోడలు.

ఆరేళ్ళలో కోడలి నోట "వద్దు" అన్న మాట రావడం అదే మొదలు. పెద్దావిడ పెన్ను కింద పెట్టేసింది, కోపంతో కాదు, ఆశ్చర్యంతో.

కోడలు నెమ్మదిగా చెప్పింది. లోపల అంతా అంతస్తులు అంతస్తులుగా ఉంటుంది. అన్నిటికంటే అడుగున యంత్రాన్ని నిద్రలేపే చిన్న ప్రోగ్రామ్. అది ఫ్యాక్టరీలోనే చిప్పులో అచ్చుపడిపోయింది, దాన్ని ఎవరూ మార్చలేరు. దాని పైన పెత్తనమంతా చేసే సిస్టమ్. ఆ పైన తెర మీద కనిపించే బొమ్మలు. మీ రేవు వీటన్నిటికీ దూరంగా వేరే గదిలో ఉంది, అప్‌డేట్ అక్కడ అడుగుపెట్టదు. పడిపోయింది ఆ గది తలుపు తీసే పెద్దమనిషి, ఆ సిస్టమే.

పాత పెద్దమనిషి ఏమయ్యాడని అడిగింది అత్తగారు.

ఉండాల్సినవాడే. కొత్తదాన్ని పాతదాని పక్కన, వేరే చోట రాస్తారు. కొత్తది లేచి సరిగ్గా నడిస్తే, అప్పుడు "విజయవంతం" అని గుర్తు వేసి పాతదాన్ని తీసేస్తారు. లేవకపోతే పాతదే మళ్ళీ లేస్తుంది. ఈసారి మాత్రం లేవకముందే గుర్తు వేసేసి పాతదాన్ని తీసేశారు.

"అంటే పరీక్ష రాయకముందే పాసయ్యామని స్వీట్లు పంచేశారన్నమాట. ఎందుకట అంత తొందర?"

"ఎనిమిది సెకన్లు కలిసొస్తాయని పైవాళ్ళు పీక మీద కూర్చుని ఉంటారు."

"వాళ్ళ ఎనిమిది సెకన్లకి నా ఎనిమిది నెలలు," అంది పెద్దావిడ.

ఇక ఆగలేదు. కోడలు గుసగుసగా చెప్పినదంతా హాలు మధ్యలో నిలబడి గొంతెత్తి చెప్పింది. సంతకం పెట్టబోతున్న వాళ్ళ చేతుల్లోంచి కాగితాలు లాగేసింది. ఇలా రాసినవాళ్ళకి ఇంట్లో మంచీ చెడ్డా చెప్పేవాళ్ళు లేరా అంది. మా కోడలికి ఉన్నపాటి జ్ఞానం మీకు లేదా అని కౌంటరు అమ్మాయిని నిలదీసింది. ఆ అమ్మాయి లేదని ఒప్పేసుకుంది. అది రాసినవాళ్ళు తన ముందుకొచ్చి నిలబడేదాకా ఒక్కరూ కదలరని అందరి తరఫునా పెద్దావిడే తీర్మానించింది.

"అత్తయ్యా, ఒక్క మాట," అని కోడలు చెయ్యి పట్టుకోబోయింది.

"నువ్వుండు."

గోల విని మేనేజరు బయటికొచ్చాడు, చెమటలు కక్కుతూ. ఉన్న సంగతి చెప్పేశాడు. పాతవి తుడవకుండా రిపేరుకి ఒకటే దారి. కంపెనీ ముద్ర ఉన్న చిన్న దిద్దుబాటు పంపాలి. ముద్ర లేనిదాన్ని అడుగునున్న ప్రోగ్రామ్ ఒప్పుకోదు. అది చేయగలిగిన ఇంజనీరు పొద్దున్నుంచీ సెలవులో ఉన్నారు, ఫోన్ మోగుతోంది కానీ ఎవరూ ఎత్తడం లేదు. మధ్యాహ్నంలోపు ఆపకపోతే ఇదే అప్‌డేట్ రెండో విడతగా ఇంకో రెండు లక్షల ఇళ్ళకి వెళ్ళిపోతుంది.

"ఇలాంటి రోజున సెలవేమిటయ్యా?"

"ఇంట్లో ఏదో పనటండీ. పెద్దవాళ్ళు ఆపేశారట."

పెద్దావిడ హాలంతా కలయజూసింది. "విన్నారా? ఊళ్ళో ఇంత కొంప మునుగుతుంటే మనిషిని పనికి పోనివ్వకుండా ఇంట్లో కట్టేసుకున్నారట. ఆ ఇంట్లో పెద్దవాళ్ళకి బుద్ధుండక్కర్లేదా?"

అందరూ తలూపారు. ఉండాలన్నారు.

"అత్తయ్యా," అంది కోడలు.

ఆ గొంతు విని మేనేజరు అటు చూశాడు. ఇంతసేపూ పెద్దావిడ కేకల్లో ఆ వెనక ఇంకో మనిషి ఉన్నట్టే గమనించలేదు. గబగబా జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, పెద్దావిడని దాటుకుని వెళ్ళి చేతులు జోడించాడు.

"మేడమ్, ముందు లోపలికొచ్చి మీరు రాసిన అప్‌డేట్‌ని ఆపండి."