ఏడో నంబరు నెత్తురు

ఈ కథలో గోరంత కల్పన కూడా లేదు. నేను గోరంతలు కొండంతలు చేస్తానని గిట్టనివాళ్ళు అంటారు, నమ్మకండి. పైగా భయపడటం నాకు పుట్టుకతోనే చేతకాదు. కాబట్టి భయపడినవాళ్ళ సంగతి నిబ్బరంగా చెప్పగలను.

"ఏడో నంబరులో ఉందండీ," అంది మిషను ముందు కూర్చున్న అసిస్టెంటు.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. తెర మీద పది గీతలు. తొమ్మిది ఆకుపచ్చ. ఏడోది ఎరుపు.

అవి రోగుల నెత్తురువి కావు. వణుకు జబ్బు తెచ్చే తప్పు ఏ జన్యువులో ఉందో ఆమె ఇరవై ఏళ్ళు వెతికి, ఆ వారమే పట్టుకుంది. ఆ తప్పు ఆరోగ్యవంతుల్లో లేదని తేలితే పని గట్టెక్కినట్టే. ఇలా పోల్చి చూడటానికి నెత్తురు కావలసివస్తే ల్యాబువాళ్ళే తలా కాస్త ఇచ్చుకోవడం ఆ వృత్తిలో ఆనవాయితీ. ఏడేళ్ళ కిందట పదిమంది ఇచ్చారు. ట్యూబుల మీద నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఎవరిదో రాసిన పుస్తకం డాక్టరమ్మ బీరువాలో ఉంటుంది.

ఆ పుస్తకం తెరవక్కర్లేదు. ఏడో నంబరు ఆమెదే.

"మళ్ళీ చెయ్యి."

"మూడుసార్లు చేశానండీ."

ఆమెకు నలభై నాలుగు. ఆ జబ్బు నలభై ఐదుకల్లా గుమ్మంలోకొస్తుంది. ముందు చెంచా వణుకుతుంది. తర్వాత చెయ్యి. ఆపైన ఎదురుగా ఉన్నది కన్నకూతురో పక్కింటావిడో తెలియదు. యాభై ఐదు దాటి బతికినవాళ్ళు ఆమె ఫైళ్ళలో ఒక్కరూ లేరు. ఎన్ని మంచాల పక్కన కూర్చుని రాసుకుందో! ఇప్పుడా మంచం మీద తనే కనబడింది.

తన గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. చెయ్యి చాచి చూసుకుంది. వణుకుతోంది. భయానికా, జబ్బుకా? ఇరవై ఏళ్ళ చదువుకు ఆ ఒక్కటీ చెప్పడం చేతకాలేదు. చెల్లెలికి ఫోను చేసింది.

"ఏమే, నీ చేతులు వణుకుతున్నాయా?"

"పనివేళ నీ ఫోనొస్తే ఎవరికైనా వణుకుతాయక్కా. ఏమైంది?"

"నా నెత్తురులో ఆ జబ్బుందే. నీక్కూడా పరీక్ష చేయించాలి."

"నీ నెత్తురా? నువ్వెప్పుడిచ్చావు?"

"ఏడేళ్ళ కిందట. ల్యాబులో."

"నువ్వా! సూది చూస్తే మంచం కింద దూరేదానివి. నాన్న కాళ్ళు పట్టి బయటికి లాగితే డాక్టరు చెయ్యి కొరికావు. నువ్వు నెత్తురిచ్చావంటే నేను చచ్చినా నమ్మను."

అప్పుడు గుర్తొచ్చింది డాక్టరమ్మకు.

ఊరందరికీ సూదులు పొడిపించిన మనిషి, తన వంతు వచ్చేసరికి ఆ రోజు వెనక గదిలోకి జారుకుంది. అక్కడ గాజుసామాను కడిగే పెద్దాయన ఉన్నాడు. "పెద్దాయనా, నా పరువు కాపాడు. నీ చెయ్యి అప్పివ్వు," అంది. "చెంచాడేగా డాక్టరమ్మా, దోమలకు రోజూ పోస్తూనే ఉన్నా," అని అతను చొక్కా చెయ్యి మడిచాడు. నంబరు ఆమెది, నెత్తురు అతనిది. ఎవరికీ చెప్పకుండా, చెప్పకుండా, చివరికి తనే మరిచిపోయింది.

"బతికానే!" అంది ఫోనులో. ఆ మాట నోట్లో ఉండగానే ఫోను బల్ల మీద పడేసింది. తను బతికిందంటే, మరి పెద్దాయన?

పరుగున వెళ్ళి వెనక గది తలుపు తోసింది. పెద్దాయన నలభై గాజు గొట్టాలున్న ట్రే పట్టుకుని సింకు దగ్గరికి నడుస్తున్నాడు.

"పెద్దాయనా, నీ వయసెంత?"

ట్రేలో ఒక్క గొట్టమూ కదల్లేదు.

"కాగితాల్లోదా, అసలుదా?"

"అసలుది!"

"డెబ్బై ఒకటి. ఉద్యోగం పీకేస్తారా ఏంటి?"

ఆమె బోర్లించిన బకెట్టు మీద కూలబడింది.

"మీ ఇంట్లో ఎవరికైనా... వణుకు?"

పెద్దాయన ట్రే దించాడు. దాంతోపాటు నవ్వూ దించేశాడు.

"అమ్మకి. తర్వాత అన్నకి. ఇద్దరూ యాభై చూడలేదు. అందుకే నేను పెళ్ళి మాట తలపెట్టలేదు. ఇక్కడ ఆ జబ్బు మీదే పని చేస్తారని విని చేరాను. గాజు కడిగే పనే కావాలని అడిగి తీసుకున్నాను. పొద్దున్నే మొదటి గొట్టం చేతిలోంచి జారకపోతే ఆ రోజుకి నేను బతికినట్టు. ఇరవై ఏళ్ళుగా రోజూ అదే పరీక్ష. మీ మిషను కంటే నయం, కరెంటు కూడా అక్కర్లేదు."

"మరి ఆ రోజు నెత్తురిచ్చేటప్పుడు చెప్పలేదేం?"

"ఆరోగ్యవంతుల నెత్తురు కావాలన్నారు కదమ్మా. ఒక్కసారైనా ఆ లెక్కలో ఉండాలనిపించింది."

డాక్టరమ్మ అతని చేతుల వంక చూసింది.

"నీలో ఆ జబ్బుంది, పెద్దాయనా. పదహారేళ్ళ కిందటే నిన్ను తీసుకుపోవాల్సింది. రానివ్వకుండా నీ ఒంట్లో ఏదో అడ్డం కూర్చుంది. అదేమిటో నాకు కావాలి."

"ఎంత కావాలి?"

"చెంచాడు."

"ఇస్తా. కానీ ఈసారి మీరూ ఇవ్వాలి. పక్కపక్కనే కూర్చుని ఏడుద్దాం."

డాక్టరమ్మ మిగతా ఉద్యోగమంతా ఆ చెంచాడు నెత్తురు మీదే గడిచింది.

మొదట్లో కల్పన లేదన్నాను కదూ? ఒకటుంది, ఒప్పేసుకుంటున్నా. ఆమె వయసు అడిగినప్పుడు ట్రేలో ఒక్క గొట్టమూ కదల్లేదని రాశాను. పచ్చి అబద్ధం. మూడు జారి కిందపడి పగిలాయి. ఏం చెయ్యను, ఆమె ముఖం చూసేసరికి నా చేతులు ఆగలేదు.