చూసుకునేవాళ్ల సంచి

ఆస్పత్రి వార్డులోకి ఒక ట్రస్టు ఆవిడ కానుకల సంచులతో వచ్చింది. రోగిని కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు మంచానికొకటి చొప్పున ఉచితంగా ఇస్తారట. లోపల ఫ్లాస్కు, టవలు, మెత్తటి మెడదిండు ఉన్నాయి.

ఆపరేషన్ అయిన నాన్నకు రెండు వారాలుగా గడ్డం గీస్తూ, రాత్రిళ్లు కుర్చీలోనే కునుకుతీస్తున్న త్యాగమూర్తిని కనుక, నేను జుట్టు సర్దుకుని లేచి నిలబడ్డాను.

"మిమ్మల్ని చూసుకునేది ఎవరండీ?" అని ఆవిడ నాన్నని అడిగింది.

నాన్న వేలు నన్ను దాటుకుంటూ వెళ్లి, ఇవాళే మొదటిసారి తొంగిచూసిన అన్నయ్య దగ్గర ఆగింది.

అన్నయ్య మెడదిండు తగిలించుకుని మరీ ఆవిడ తీసిన ఫొటోకి నవ్వాడు. నా కడుపులో ఆస్పత్రి క్యాంటీన్ పొయ్యిలన్నీ ఒక్కసారిగా అంటుకున్నాయి.

వాడు సంచితో వెళ్లిపోయేదాకా ఓపికపట్టి అడిగాను.

"ఏం నాన్నా, పనిలో పనిగా కళ్లకి కూడా ఆపరేషన్ చేయించమంటావా?"

నాన్న తలుపు వైపే చూస్తున్నాడు.

"సిగ్గుపడైనా రేపు మళ్లీ వస్తాడేమోననిరా. నువ్వు ఎలాగూ ఉంటావుగా."

ఆయనకి తలుపు బాగా కనబడేలా నా కుర్చీ పక్కకి జరుపుకున్నాను.