షార్డొనే గింజ

మదనపల్లెలో టమాటా తోటలు పోయి, తెల్ల వైన్ తీసే షార్డొనే ద్రాక్ష వచ్చిన కాలమది. ప్రతి సాలులోనూ పంట ఎప్పుడు కోయాలో చెప్పే ఒక మాట్లాడే పెట్టె ఉండేది. ముప్పై ఏళ్లు టమాటాలు కోసిన రెడ్డెమ్మకు ఈ ద్రాక్ష కొత్త; అందుకే రోజూ ఒక పండు గింజతో సహా కొరికి చూసేది.

"కోతకు ఇంకా నాలుగు రోజులు ఆగాలి," అంది పెట్టె.

రెడ్డెమ్మ ఒక పండు నోట్లో వేసుకుని గింజ కొరికింది. నిన్నటిదాకా మెత్తగా నలిగిన గింజ ఇప్పుడు కరకరలాడింది.

"పండిపోయిండాది. ఈ పొద్దే కోసేద్దాం."

"పెట్టె మాట కాదంటే పంటంతా పాడైపోతాది గదవ్వా!" అన్నాడు తోట యజమాని నాగభూషణం.

"నువ్వే కొరికి చూడు నాయనా."

అతను కొరికి చూసి, కత్తెర అందుకున్నాడు. సాయంత్రానికి కోత ముగిసింది. తీసిన రసంలో తీపి, పులుపు చక్కగా కుదిరాయి.

"నీకెలా తెలిసింది?" అని అడిగింది పెట్టె.

రెడ్డెమ్మ దాని పక్కనే కూర్చుని పచ్చి గింజ ఒకటి, పండిన గింజ ఒకటి కొరికి వినిపించింది.

"ఇంకొకటి కొరకవా, అవ్వా?" అంది పెట్టె.